ఎటో పోయిన అయిదు కిలోమీటర్లు

కాలువ కట్ట మీద స్కేట్‌బోర్డు సన్నగా మూలిగి ఆగిపోయింది. చిరంజీవి దాని మీంచి దిగి, చేతిలోని మీటను మళ్లీ మళ్లీ నొక్కాడు. చక్రాలు కదల్లేదు.

వెనకే బైకు మీద వస్తున్న జవహర్ మీటరు చూశాడు. “ఇయ్యాల గూడ పది కిలోమీటర్లే రా.”

“పదిహేను రావాలె.”

“నీ లెక్కల వస్తది. రోడ్డు మీద వస్తలేదు.”

ఇద్దరూ సూర్యాపేటలో ఇంజినీరింగ్ చివరి ఏడాది. కరెంటుతో నడిచే స్కేట్‌బోర్డు చిరంజీవి ప్రాజెక్టు. ప్లైవుడ్ పలక, పాత ఎలక్ట్రిక్ స్కూటరు మోటారు, కోదాడలో కంప్యూటర్లు రిపేరు చేసే రాందాస్ దగ్గర కొన్న ల్యాప్‌టాప్ సెల్స్. అన్నీ తన చేత్తోనే బిగించి, సెలవుల్లో వేములపల్లిలోని ఇంటికి తెచ్చుకున్నాడు. బోర్డు మొదటిసారి కదిలిన రోజు వాడి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. కానీ ప్రాజెక్టు చూసే ఉషారాణి మేడం ఒక మెలిక పెట్టింది.

“తయారు చేయగానే సరిపోదు చిరంజీవీ. ఒకసారి చార్జి చేస్తే ఎంత దూరం పోతుందో ముందే లెక్కగట్టి చెప్పాలి. అంత దూరం పోయి చూపించాలి. లెక్క తప్పితే నేను సంతకం పెట్టను.”

బ్యాటరీలో ఎంత శక్తి ఉంది, కిలోమీటరుకు ఎంత ఖర్చవుతుంది, తన బరువెంత, ఎదురుగాలి ఎంత, అన్నీ వేసి చూశాడు. ఎన్నిసార్లు వేసినా పదిహేనే వచ్చింది. పోతే మాత్రం పదే.

బోర్డు చంకన పెట్టుకుని జవహర్‌తో ఇంటికి వచ్చేసరికి తల్లి జంగమ్మ పాకలో బర్రెలకు గడ్డి వేస్తోంది. కొడుకుని చూసి ముక్కున వేలేసుకుంది.

“మళ్ల మోసుకొస్తున్నవా? అది నిన్ను మోస్తదన్నవ్, నువ్వే దాన్ని మోస్తున్నవ్. ఆ చక్రాల పలకను బయట పారెయ్యి. కాళ్లు ఇరగ్గొట్టుకుంటవ్ ఒకనాడు.”

“ఇరగవమ్మా. ఈ మీట నొక్కితే పోతది, ఇడిస్తే ఆగుతది. గంతే.”

“గంతేనా? దీనికోసం నాలుగేండ్లు సదివినవా?”

జవహర్ పగలబడి నవ్వాడు. చిరంజీవికి నవ్వు రాలేదు.

ఆ రాత్రి బ్యాటరీని నిండా చార్జి చేసి, మీటరు పెట్టి చూసి మరీ పడుకున్నాడు. తెల్లారి బారెడు పొద్దెక్కాక లేచి మళ్లీ చూస్తే, మూడో వంతు దిగిపోయి ఉంది. అప్పటికే జంగమ్మ పక్కూరి పాలకేంద్రంలో పాలు పోసి వచ్చి, క్యాన్లు తోముతోంది. మోకాలికి పసుపు రాసుకుంది.

“మోకాలికేమైందమ్మా?”

“బర్రె నూకింది. నీ పని నువ్వు సూస్కో.”

వాడి ధ్యాసంతా బ్యాటరీ మీదే ఉంది. ముట్టుకోకుండానే చార్జి దిగిపోతోందంటే సెల్స్‌లోనే ఏదో లోపం ఉందనుకున్నాడు. జవహర్ బైకు మీద ఇద్దరూ కోదాడ పోయారు. రాందాస్ ఒక్కో సెల్లూ పరీక్షించి పెదవి విరిచాడు.

“వీటికేం రోగం లేదు బాబూ. నువ్వే ఎక్కడో వైరు తప్పు కలిపుంటావు. అయినా నీ తృప్తి కోసం వేరేవి ఇస్తాను, తీసుకెళ్లు.”

సెల్స్ మార్చాడు. వైర్లు విప్పి మళ్లీ అతికించాడు. చార్జరూ మార్చాడు. రాత్రి నిండుగా ఉన్నది తెల్లారేసరికి తగ్గిపోవడం మాత్రం మానలేదు. పరీక్ష దగ్గర పడింది. చిరంజీవికి తిండి సహించడం మానేసింది. ఒక మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని అన్నాన్ని వేళ్లతో కెలుకుతుంటే, జంగమ్మ కాసేపు చూసి ఊరుకోలేకపోయింది.

“ఎందుకురా గంత పరేషాన్?”

“లెక్క తప్పితే ప్రాజెక్టు పోతదమ్మా. పట్టా ఆగిపోతది.”

జంగమ్మ ముఖం చిన్నబోయింది. “గంత పెద్ద కథ ఉన్నదని నాకేం తెల్సు? ఒక పని జెయ్యి బిడ్డా. దాన్ని సూర్యాపేటకే తీస్కపో. గాడ్నే చార్జింగ్ పెట్టి, గాడ్నే నడిపి సూడు. ఈ ఇల్లు దానికి పడ్తలేదేమో.”

చదువులేని అమ్మ మాటకు చిరంజీవి లోపల నవ్వుకున్నాడు. అయినా వేరే దారి తోచక, మర్నాడే బోర్డుతో బస్సెక్కాడు. పొయ్యేముందు జంగమ్మ జొన్నరొట్టెలు మూటగట్టి ఇచ్చి, బోర్డును కూడా ఒకసారి చేత్తో తడిమింది.

సూర్యాపేటలో జవహర్ ఉండే గదిలో రాత్రి చార్జింగ్ పెట్టాడు. పొద్దున మీటరు చూసి చిరంజీవి తన కళ్లను తానే నమ్మలేకపోయాడు. చుక్క కూడా తగ్గలేదు!

కాలేజీ మైదానం చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఉషారాణి మేడం వరండా నీడలో కూర్చుని చూస్తోంది. పది దాటింది. పన్నెండు దాటింది. జవహర్ ఈలలు మొదలుపెట్టాడు. పదిహేను దాటాక ఇంకో చుట్టు సగంలో బోర్డు మెల్లగా ఆగింది. మేడం లేచి వచ్చి వాడి భుజం తట్టింది.

“లెక్క సరిగ్గా వేశావు. మరి ఇంటి దగ్గర ఏమైంది?”

“ఎంత ఆలోచించినా అర్థం కాలేదు మేడం.”

“మీ ఊళ్లో వోల్టేజీ తక్కువేమో,” అని ఆవిడ నవ్వుతూ సంతకం పెట్టింది.

సాయంత్రానికి చిరంజీవి ఇల్లు చేరాడు. కబురు వినగానే జంగమ్మ వాడికి దిష్టి తీసి, కోడిని కోయించింది. కూర ఉడుకుతుంటే పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు వాడు. ఇంత ఆకలి వేసి ఎన్నాళ్లయిందో.

“ఇగ నీకు ఆ పలక అడ్డం తప్పుతదమ్మా. రాందాస్ అన్న కొడుకు కొనుక్కుంటనన్నడు. ఆదివారం పోయి ఇచ్చేసి వస్త.”

గరిటె తిప్పుతున్న జంగమ్మ చెయ్యి ఆగిపోయింది.

“ఆదివారమేనా?”

“అవును. పారెయ్యమని నువ్వే అన్నవ్ గదా?”

జంగమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. వాకిట్లో గోడకు ఆనించిన బోర్డు వైపు చూసింది. తర్వాత కొడుకు వైపు చూడకుండా మెల్లగా అంది.

“ఉండనియ్యి బిడ్డా, మలుపులు నాకు ఇప్పుడిప్పుడే అలవాటైతున్నయ్.”