గాలిని లోహం చేసేవాడు

విడవలూరు బస్సు దుమ్ము రేపుకుంటూ వచ్చి, సముద్రం ఒడ్డునున్న ఆ చిన్న ఊళ్లో ఆగింది.

అది 1961 జూన్.

ప్రెసిడెంటు హజరత్తయ్య చేతిలో పూలదండ ఉంది. సాయంత్రం ఇన్‌స్పెక్టరు వచ్చేలోగా కొత్త సైన్సు మాస్టరు చేరకపోతే హైస్కూలు పక్కూరికి పోతుంది. పోతే తన కూతురి చదువు ఎనిమిదో తరగతితో సరి.

బస్సులోంచి ఇద్దరు దిగారు.

మొదటి ఆసామికి కోటు, చేతిలో తోలుపెట్టె. హజరత్తయ్య ఇంకో ఆలోచన లేకుండా దండ ఆయన మెడలో వేసేశాడు. ఆయన తెల్లబోయాడు.

“అలిసిపోయినట్టుండారు. ముందు మా ఇంట్లో భోంచేయండి. మాటలు తర్వాత,” అని జీతగాణ్ణి తోడిచ్చి పంపాడు.

రెండోవాడిది మాసిన పంచె. ఏసుమణి టీకొట్టు బల్ల మీద కూర్చుని గాజుసీసాలో గులకరాయి వేశాడు. కొట్టు నడిపే ఆమెనడిగి బెల్లంపాకం పోశాడు. దానిపైన మెల్లగా నీళ్లు. ఆపైన నూనె.

“ఏందిది?” అన్నాడు హజరత్తయ్య.

“గురుగ్రహమండీ.”

“జాతకాలా?”

“కాదు. గ్రహం లోపల ఎట్లా ఉంటుందో చెప్పే నమూనా. పైనంతా వాయువే. కాలు పెట్టడానికి నేల లేదు. లోపలికి పోయేకొద్దీ నలిగి నలిగి ఆ వాయువే లోహమవుతుంది.”

“గాలి లోహమయ్యేది నువ్వు చూసినావా?”

“ఎవరూ చూడలేదు. లెక్కలు అట్లా చెబుతున్నాయి. నడిమధ్య ఈ రాయి ఉందో లేదో కూడా ఇంకా తేలలేదు.”

హజరత్తయ్యకు తల తిరిగింది. నేల లేని లోకమేమిటి? గాలి లోహమవడమేమిటి?

చటుక్కున గుర్తొచ్చింది. పోయిన వేసవిలో ఇట్లాంటివాడే రాగిని బంగారం చేస్తానని ఊరి ఆడవాళ్ల గొలుసులు ఎత్తుకుపోయాడు.

“లే. బస్సెక్కు.”

“నేను వచ్చింది దేనికంటే...”

“దేనికో తెలుసులే. మా ఊరు ఒకసారి మోసపోయింది, చాలు.”

రెక్క పట్టుకుని ఎక్కించాడు. బస్సు వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చేసరికి కోటాయన చెయ్యి కడుక్కుంటున్నాడు.

“ఇంత మర్యాద దేనికో అర్థం కావడం లేదండీ. మామూలుగా నన్ను గుమ్మంలోంచే పంపేస్తారు. ఇంతకీ మీ ఇంట్లో కుట్టుమిషను ఉందా?”

“మిషనా? మీరు సైన్సు మాస్టరు కాదా?”

“మిషన్ల ఏజెంటునండీ.”

హజరత్తయ్య పరుగెత్తాడు. బస్సు రేపిన దుమ్ము ఎప్పుడో అణిగిపోయింది. విడవలూరు దారిలో ఇన్‌స్పెక్టరు జీపు మోత వినిపిస్తోంది.

టీకొట్టు బల్ల మీద సీసా అట్లాగే ఉంది. నూనె, నీళ్లు, పాకం దేనికది విడిగా నిలబడి ఉన్నాయి.

“పగలకుండా బడిలో పెట్టించమని బస్సు కిటికీలోంచి చెప్పి పోయినాడన్నా,” అంది ఏసుమణి. “మన పిల్లకాయలకు మొదటి పాఠం దీంతోనే చెబుదామనుకున్నాడంట.”