కాటా పక్క కుర్చీ

గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోయడానికి వచ్చిన రోజున ఏసోబు దగ్గరున్న పెట్టుబడి నడుమొక్కటే. ఆ రోజుల్లో నడుము పడిపోయిన హమాలీని యార్డు వదిలేసేది కాదు. కాటా పక్కన కుర్చీ వేసి తూకాలు చూసుకోమనేది.

తర్వాత సూదిమందు వచ్చింది. వెన్నులో అరిగిపోయిన డిస్కు మూలకణాలతో మళ్లీ పెరుగుతుంది. ఖర్చంతా యార్డుదే. మందు పట్టనివాళ్లకు తప్ప ఇంకెవరికీ కుర్చీ లేదన్నారు.

అరవై ఆరేళ్ల ఏసోబుకు ఇది మూడో సూది. నెల్లాళ్లు చెంబెడు నీళ్లు కూడా ఎత్తొద్దని డాక్టరమ్మ హెచ్చరించింది. లేత డిస్కు నలిగి చస్తే కుర్చీ దక్కుతుందని అతను లెక్కవేశాడు. రోజూ పళ్లు బిగబట్టి, బియ్యం బస్తా భుజానికెత్తుకుని వసారాలో తిరిగేవాడు.

భార్య కరుణమ్మ చూసేసింది. "మతి పోయిందా నీకు? అవిటోడివైపోతావయ్యా!"

"అందుకేగా మోసేది! అవిటోడికేగా కుర్చీ ఇచ్చేది."

మర్నాటి నుంచి ఆమే బస్తా ఎత్తి అతని భుజాన పెట్టేది.

నెల తిరిగాక డాక్టరమ్మ స్కానింగు చూసి మురిసిపోయింది. "బరువులెత్తావు కదూ తాతా? మేం వద్దన్నదే నీకు మేలు చేసింది. మోసేకొద్దీ డిస్కు రాయిలా గట్టిపడింది."

వెంట వచ్చిన యార్డు మేస్త్రీ అతని వీపు చరిచాడు. "ఇంకో పదేళ్లు ఢోకా లేదు మావా! ఇక అందరిచేతా ఇట్టాగే మోయించొచ్చు."

నెల్లాళ్లు ఓర్చుకున్న నొప్పికి ఏసోబు చేతికొచ్చిన లాభం, పదేళ్ల మోత.