కట్టిన చేయి

"ఉన్న ఒక్క చెయ్యి గూడ కట్టేస్తవా?"

చంకలో నీళ్ల బిందె ఉండగానే గడపలోంచి అరిచింది కౌసల్య.

మంచం మీద ఆమె భర్త వెంకటేశం. అతని ఎడమ చేతిని తువాలుతో నడుముకు కట్టేసింది ఆ తెల్లచీర మనిషి. ఒళ్లో కంచం పెట్టి, పడిపోయిన కుడి చేత్తోనే తినమంటోంది.

సగం అన్నం దుప్పటి మీద. సగం అంగీ మీద. నోట్లోకి పోయింది నాలుగు మెతుకులు.

"మంచి చెయ్యి ఖాళీగ ఉంటె పడ్డ చెయ్యి లేవదు చెల్లె. జెర ఓపిక పట్టు," అంది ఆ మనిషి, తలెత్తకుండా.

"ఆకలికి మాడుతుండు, కనవడ్తలేదా? నేను తినిపిస్త."

"నువ్వు తినిపిస్తున్నవనే అది లేస్తలేదు."

కౌసల్యకు ఒళ్లు భగ్గుమంది. రోజూ వీరభద్రస్వామికి మొక్కి, మొగుడికి ముద్ద కలిపి పెడుతున్న ఇల్లాలు ఆమె. ఆ ముద్దే తప్పంటే?

రెండువేల మూడు ఎండాకాలం అది. బొంతపల్లి పక్కన మందుల ఫ్యాక్టరీలో వెంకటేశం పని. డ్యూటీలో ఉండగానే కుడి పక్క పడిపోయింది. చేయి ఆడితే మళ్లీ రమ్మన్నాడు సూపర్‌వైజర్. ఆడకపోతే రావద్దన్నాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఇప్పుడు ఆ చేయే లేవాలి.

దవాఖాన నుంచి తెచ్చుకున్న కొద్ది రోజులకే ఈ మనిషి వచ్చింది. "చెయ్యి ఎట్ల లేపాల్నో చూపిస్త," అంది. దవాఖానోళ్లే పంపారనుకుంది కౌసల్య. పేరైనా అడగలేదు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం, చర్చి విడిచాక, ఆటో దిగి వస్తుంది. పని మొదలుపెట్టే ముందు కాసేపు కళ్లు మూసుకుంటుంది.

పక్కింటి ఆగమ్మకు ఆ కళ్లు మూసుకోవడమే గిట్టలేదు.

"మతంల కలుపుకునేటందుకేనే. లేకుంటె ఊకెనే ఎవరొస్తరు?"

పక్షవాతానికి పావురం నెత్తురే మందని ఆగమ్మ దగ్గరుండి ఆ చేతికి పూయించింది. తెల్లచీర మనిషి వచ్చి దాన్ని సబ్బుపెట్టి కడిగేసింది. అప్పుడూ కౌసల్య పళ్లు బిగబట్టుకుంది.

ఇవాళ బిగబట్టలేకపోయింది.

బిందె దించింది. కంచం లాక్కుంది. తువాలు విప్పి ఆమె మొహాన కొట్టింది.

"నీ మొగనికైతె గిట్లనే జేస్తవా? కట్టేసి మాడవెడ్తవా?"

ఆ మనిషి పెదవులు కదిలాయి.

"ఆగు కౌసల్యా..." వెంకటేశం నాలుక మడతపడుతూ అన్నాడు. "నాకు మంచిగనే..."

"నువ్వు ఊకో! ఏమమ్మా, నీకే. నడువ్ ఇగ. మల్ల నా గడప తొక్కితె చీపురు తిరగేస్త."

ఆమె కింద పడ్డ తువాలు తీసి, మడిచి, మంచం మీద పెట్టింది. వెంకటేశం కుడి చేతిని ఒకసారి నిమిరి వెళ్లిపోయింది.

మంగళవారం దవాఖానలో చూపించుకునే రోజు. కౌసల్య కోపం ఇంకా చల్లారలేదు.

"సారూ, గదేం మనిషిని పంపిన్రు మా ఇంటికి? కడుపుకు తిననియ్యదు, చెయ్యి కట్టేస్తది!"

డాక్టర్ సూర్యారావు రాస్తున్నవాడల్లా ఆగాడు.

"మేమెవర్నీ పంపలేదే. ఇది పరిశోధనమ్మా, మొదట్లోనే చెప్పాం. చీట్లు తీశాం. కొందరి ఇంటికి మా నర్సు వెళ్లి నేర్పుతుంది. కొందరికి మందులు మాత్రమే. మీ ఆయనకు మందుల చీటీ వచ్చింది."

కౌసల్యకు ఆ సంగతి ఇప్పుడు సమజయింది.

"మా ఆయన చేతిని చీట్లల్ల ఏసిన్రా? నేర్పితె లేస్తదని తెల్సి గూడ మాకు నేర్పలేదా?"

"తెలియకనే వేశాం. లాభం ఉందో లేదో తేలాలి కదా. తేలితే అందరికీ నేర్పుతాం."

"తేలేదాంక మేమేం గావాలె సారూ?"

డాక్టర్ వెంకటేశం కుడి అరచేతిలో తన వేలు పెట్టాడు.

"పట్టుకో."

వేళ్లు మెల్లగా ముడుచుకున్నాయి. డాక్టర్ వేలును పట్టుకున్నాయి. లాగినా వదల్లేదు.

కౌసల్య నోరు తెరుచుకుని చూసింది. ముద్ద పెట్టే తొందరలో ఆ చేతివైపు ఆమె ఏనాడూ చూడలేదు.

డాక్టర్ మొహం ఎర్రబడింది.

"ఉత్త మందులతో ఇంత రాదు. ఎవరో నా పరిశోధన పాడుచేశారు. పరంజ్యోతీ, నువ్వేనా?"

నర్సు పరంజ్యోతి ముందుకొచ్చింది.

"నేను కాదు సార్. సాయమ్మ. నేర్పే చీటీ వచ్చిన బర్నబా లేడా, ఆయన భార్య. నేను ఆయనకు నేర్పుతుంటె పక్కన కూసోని చూసి నేర్చుకున్నది. చీటీ రానోళ్ల గతేంది సిస్టర్ అని నన్ను సతాయించి, వీళ్ల ఊరు చెప్పించుకున్నది."

"బర్నబా అంటే... రెండోసారి పక్షవాతం వచ్చి పోయినతనా?"

"ఆయ్నే సార్."

కౌసల్య పరంజ్యోతి చేయి పట్టుకుంది.

"యాడుంటదమ్మా ఆమె? ఒక్కసారి పోయి కాళ్లు మొక్కుత."

"నిన్ననే ఇల్లు ఖాళీ చేసి తమ్ముని ఊరికి పోయింది. ఆ ఊరి పేరు నాకు గూడ తెల్వదు."

"ఆయన... ఎప్పుడు పోయిండు?"

పరంజ్యోతి ఆమెను కోపంగా చూసింది.

"శనివారం మొగుణ్ని మట్టిచేసి, ఆదివారం మీ ఆయనకు అన్నం తినుడు నేర్పనీకి మీ ఇంటికొచ్చిందమ్మా ఆమె."