ఎర్రమూత డబ్బాలు

"ఒక్కరంటే ఒక్కరి మూత్రంలో కూడా మందు జాడ లేదు! ఆరు నెలలుగా నేనిచ్చిన గోళీలన్నీ ఏ బావిలో పోశారు?"

డాక్టర్ అరుపుకు బడి అరుగు మీద కూర్చున్న జనం ఉలిక్కిపడ్డారు. దేవరకొండ అవతలి ఆ ఊరికి కృష్ణ నీళ్లు ఇదిగో వస్తున్నాయి, అదిగో వస్తున్నాయి అని నాయకులు చెప్పి పోతున్న రోజులవి. బోరింగు నీళ్లలోని ఫ్లోరైడు ఎముకల్లో చేరి, వెన్నులు కొయ్యబారిపోయినవాళ్లు వాళ్లంతా. ఆ వెన్నులకు కొత్త మందొకటి పనిచేస్తుందో లేదో తేల్చడానికి డాక్టర్ హైదరాబాదు నుంచి నెలనెలా జీపులో వస్తాడు. నడుములు కొలుస్తాడు, కొందరికి ఎర్రమూత, కొందరికి నీలిమూత గోళీల డబ్బాలిస్తాడు, సీసాల్లో మూత్రం పట్టుకుపోతాడు.

హుస్సేన్ బీ అందరికంటే ముందు కూర్చుంది. ఆమె నడుము ఎంతగా వంగిపోయిందంటే, లోకమంతా ఆమెకు మోకాళ్ల కిందే కనిపిస్తుంది. డాక్టర్ మొహం చూడాలంటే గోడ పట్టుకుని పక్కకు తిరగాలి. ఎందుకొచ్చిన తిప్పలని ఆమె అతని బూట్లతోనే మాట్లాడుతుంది. ఇవాళ ఆ బూట్లు ఒకచోట నిలవడం లేదు.

"పారెయ్యలే సారూ," అంది.

"అమ్ముకున్నారా?"

"గోళీలు కొనే పైసలు గీ ఊళ్లె ఎవలకాడున్నయి? ఉంటె ముందుగాల మంచినీళ్లు కొనుక్కుందుము."

"మరి మింగారా?"

"మింగినం అంటె నీ సీసలు ఒప్పుకుంటలేవాయె!"

జనం గొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా నవ్విన ఏసోబు, ఆ నవ్వు వెన్నులోకి పొడుచుకుపోయి, అమ్మా అని మూలిగాడు.

డాక్టర్ నవ్వలేదు. "డ్రైవర్! డబ్బాలన్నీ జీపులో పెట్టు. ఈ ఊళ్లో పని బంద్. ఇంకో ఊళ్లో ఇస్తే కళ్లకద్దుకుని మింగుతారు."

డ్రైవర్ చెప్పులు డబ్బాల వైపు నడిచాయి. హుస్సేన్ బీ కర్ర టకటకలాడించుకుంటూ వెళ్లి జీపు ముందు చక్రానికి ఆనుకుని చతికిలపడింది.

"లే అమ్మా!" అన్నాడు డాక్టర్.

"నేను లేవాల్నంటె ఇద్దరు పట్టాలె సారూ. నడుము నిలవడ్డోళ్లు గీ అరుగు మీద ఇద్దరు దొరుకుతరేమో చూడు!"

"మొండికెయ్యకు. మందు ఎవరు మింగారో తెలియకపోతే నా లెక్కలన్నీ గంగలో కలిసినట్టే."

"నీ లెక్కల సంగతి నేనూ అడుగుత. నీలిమూత డబ్బలల్ల ఏమున్నది?"

బూట్లు ఠక్కున ఆగిపోయాయి.

"మందే."

"మందైతె చీమలెందుకు పట్టినయి? మా పక్కింటి బక్కమ్మ నీలిమూత డబ్బకు బారులు గట్టినయి. నా ఎర్రమూత డబ్బ దిక్కు ఒక్కటన్న తొంగి చూడలే. బక్కమ్మ గోళి నాలిక మీద పెట్టుకుంటె ఉత్త చక్కెర!"

డాక్టర్ గొంతు దిగింది. "అది పరిశోధన పద్ధతమ్మా. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్తుత్తి గోళీ. రెంటినీ పోల్చి చూస్తేనే మందు సంగతి తేలుతుంది. ఎవరికి ఏదన్నది చీటీలు వేసి తీశాం. ఇందులో అన్యాయమేమీ లేదు."

"మా నడుములకు చీటీలేసినవా!" హుస్సేన్ బీకి ఒళ్లు మండిపోయింది. "బక్కమ్మ నడుము ఏం పాపం చేసింది? నా నడుము ఏం పుణ్యం చేసింది? చక్కెర పెడుతున్ననని మాకొక్క ముక్క చెప్పినవా?"

బూట్లు ఒక అడుగు వెనక్కి వేశాయి.

"సరే, చెప్పకపోవడం తప్పే అనుకో," అన్నాడు డాక్టర్. "చీమల వల్ల మీకు తెలిసిపోయింది కదా. అప్పుడు ఎర్రమూతవాళ్లయినా మింగాలి, నీలిమూతవాళ్లు లాక్కునైనా మింగాలి. అందరూ పంచుకున్నా అందరి సీసాల్లో ఎంతో కొంత కనపడాలి. ఎవరి ఒంట్లోనూ లేదంటే మందు ఏమైనట్టు? ఊరంతా కలిసి నాతో ఆటలాడుతున్నారా?"

"ఆట నువ్వే షురు జేసినవ్. నీ చీటీలు నువ్వేసుకున్నవ్. మేం గూడ కూసోని మా ఫైసలా మేం చేసుకున్నం."

"ఏం ఫైసలా?"

"చెప్పకు హుస్సేన్ బీ!" అరుగు మీది నుంచి ఏసోబు కేకేశాడు. "చెప్తె ఉన్నది గూడ బంద్ జేస్తడు."

"చెప్పకున్న బంద్ జేస్తనే ఉన్నడు గద ఏసోబూ. ఇంక భయమెందుకు?"

ఆమె జీపు ముందరి ఇనుపకమ్మీని రెండు చేతులా పట్టుకుని, నడుము ఒప్పుకున్నంత మేరకు లేచి నిలబడింది. పక్కకు తిరిగి మొదటిసారి డాక్టర్ మొహంలోకి చూసింది. చిన్న వయసువాడే.

"సారూ, మా ఎముకలు ఎప్పుడో రాళ్లయినయి. నీ మందు మింగినా, నీ చక్కెర మింగినా మేం చూసేది గీ మన్నునే. మా నడుములు ఎట్లన్న కానీ. గోళీలు మాత్రం గీ ఊరు దాటి పోవద్దు. పోవాల్నంటె జీపు నా మీదికెంచి పోవాలె!"

"అంత పట్టుదల ఉన్నదానివి, ఎవరు మింగారో చెప్పవేం?"

హుస్సేన్ బీ బడి తలుపు వైపు తిరిగి గొంతెత్తింది.

"గోళీలు మింగేటోళ్లంత బయటికి రాండ్రి!"

ఒకటో తరగతి మొదలు అయిదో తరగతి దాకా, పలకలు చంకన పెట్టుకుని, నిటారు నడుములతో బడి బడంతా బయటికి ఉరికొచ్చింది.