ఎప్పటి దిండు

హైటెక్ సిటీలోని ఆ ఫైవ్‌స్టార్ హోటల్ గొప్పంతా జ్ఞాపకంలోనే ఉంది. ఒక్కసారి దిగిన అతిథికైనా, మళ్లీ వస్తే అడక్కుండానే ఎప్పటి దిండు గదికి వెళ్తుంది. రాత్రి డ్యూటీలో దిండ్లు పంపే భీమేశ్వరరావుకు ఇందుకు కంప్యూటర్ కూడా అక్కర్లేదు. భార్య వీరలక్ష్మి పోయాక పగటి డ్యూటీ మానేశాడు.

ఓ రాత్రి రెండు గంటలకు తొమ్మిది వందల ఏడో గది నుంచి ఫోన్ వచ్చింది.

"ఏవండీ, నా దిండు పంపరూ?"

ఆ గొంతు విని అతను లేచి నిలబడ్డాడు. పక్క సీట్లోని లింబాద్రి కంప్యూటర్ చూసి నవ్వాడు.

"సార్, అది ఖాళీ రూము. ఎవ్వరు దిగలే. గీ కాలంల దయ్యాలకు గూడ ఫైవ్‌స్టారే కావాలె!"

భీమేశ్వరరావు బీరువా తెరిచాడు. మెత్తనివి, గట్టివి, బూరుగుదూదివి, ఈకలవి వరసగా ఉన్నాయి. వేలమంది అతిథులకు ఏది కావాలో అతనికి తెలుసు. ఇరవై ఆరేళ్లు పక్కన పడుకున్న మనిషికి ఏది కావాలో తెలియలేదు. తప్పు దిండు పంపడానికి ధైర్యం చాలలేదు.

"ఏ దిండు, లక్ష్మీ?" అని ఫోన్‌లో మెల్లగా అడిగాడు.

అవతల దుప్పటి సర్దుకున్న అలికిడి.

"పోన్లెండి. ఎప్పట్లాగే చెయ్యి తలకింద పెట్టుకుంటాను. మీరొచ్చేటప్పుడు లైటు మాత్రం వెయ్యకండి."