కింది వాక్యం

"దాని కింది వాక్యం కూడా చదవండమ్మా."

వెనక వరసలో ఒక పెద్దమనిషి లేచి నిలబడ్డాడు.

వేదిక మీదున్న ప్రోగ్రామర్ మాట్లాడడం ఆపింది. ఆమె వెనకున్న తెర మీద, బ్లాక్‌చెయిన్‌ని కనిపెట్టి ఆ తర్వాత ఎవరికీ కనిపించకుండా పోయిన మనిషి రాసిన ఉత్తరంలోని వాక్యం ఉంది.

'పాత కంప్యూటర్ల కోసం ఇంతమందిని ఆపలేం.'

బ్లాక్‌చెయిన్ అంటే ఎవరెవరి కంప్యూటర్లలోనో ఒకే నకలుగా, బ్లాకు వెనక బ్లాకు చేరుతూ గొలుసులా పెరిగే చిట్టా. ఒక్కో బ్లాకు ఎంత పెద్దదిగా ఉండొచ్చన్న పరిమితి ఉంచాలా, ఎత్తేయాలా? సభ తేల్చాల్సింది అదే. ఎత్తేస్తే పనులు చకచకా అవుతాయి. ఆ బరువు మోయలేని పాత కంప్యూటర్లు మాత్రం తప్పుకోవాలి.

"మీరేం చేస్తుంటారండీ?" అడిగిందామె.

"రేడియోలు బాగుచేస్తాను."

కొందరు నవ్వారు.

"మీ కంప్యూటర్ ఎంత పాతదేంటి?"

"మా అమ్మాయి కంటే ఏడాది చిన్నది."

ఈసారి హాలంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది.

"అది ఆగిపోతుందనేగా మీ బాధ?"

"ఆగితే ఆగనివ్వండి. ఆ ఉత్తరం రాసినాయన అనని మాట ఆయన నోట్లో పెట్టకండి."

జేబులోంచి మడత కాగితం తీయబోయాడు. అధ్యక్షుడు గడియారం చూసుకుని ఆయన చేతిలోని మైకు తీసేయించాడు. చేతులెత్తించారు. పరిమితి ఎగిరిపోయింది.

నెల తర్వాత ఒక పత్రిక ఆమెను ఉత్తరం మొత్తం పంపమంది. ఆమె దగ్గర ఆ ఒక్క వాక్యమే ఉంది. అదీ ఎవరి ఉపన్యాసంలోంచో తీసుకున్నది. ప్రతి బ్లాకునూ మొదటి నుంచీ సొంతంగా సరిచూసుకోనిదే నమ్మని జనం, ఈ వాక్యాన్ని మాత్రం ఒక్కరూ సరిచూడలేదు.

వెతగ్గా వెతగ్గా పాత చర్చల పేజీలో దొరికింది.

'పాత కంప్యూటర్ల కోసం ఇంతమందిని ఆపలేం. అందరూ నాతో అంటున్న మాట ఇది. నేను మాత్రం ఆపుతాను.'

ఆమెకు తల కొట్టేసినట్టయింది. మర్నాడే ఆ పెద్దమనిషి రేడియో షాపు వెతుక్కుంటూ వెళ్ళింది.

కౌంటర్ దగ్గర ఆయన కూతురుంది.

"నాన్న లేరండీ. అత్తయ్యని చూడ్డానికెళ్ళారు. నాకు ఊహ తెలిశాక ఆయన ఊరు కదలడం ఇదే."

"అదేంటి?"

"ఎక్కడికి రమ్మన్నా, కంప్యూటర్ని వదిలి ఎలా వస్తానమ్మా అనేవారు. పోయిన వారం అది ఆగిపోయింది. పాత సామాన్లవాడికి ఇచ్చేశారు."

బల్ల మీద అది ఉన్నంత మేర దుమ్ము లేదు.

"నాన్నగారికి క్షమాపణ చెప్పుకుందామని వచ్చాను. ఆ సభలో మాట్లాడింది నేనే."

కూతురు సొరుగులోంచి మడత కాగితం తీసింది.

"మీకు చూపిద్దామనే ఆ రోజు తెచ్చారు."

"చదివానండీ," అంటూనే ప్రోగ్రామర్ దాన్ని విప్పింది.

అదే ఉత్తరం. పేజీలో ఎవరో కత్తిరించేసిన పై వాక్యాలు కూడా ఇందులో ఉన్నాయి.

'రేడియో మిత్రమా, నేను రాసిన మొదటి బ్లాకును ఆ రోజు సరిచూసిన ఒకే ఒక్క కంప్యూటర్ మీది. మీరు లేకపోతే ఇది గొలుసయ్యేదే కాదు.'