కుడిచెంప పుట్టుమచ్చ

సైబర్‌పంక్ కామిక్‌కు విలన్ బొమ్మ వేయమన్నారు. అయినవాళ్ల రూపంలో ఇంట్లో దూరే మరమనిషి వాడు. కొత్త పెళ్లికూతుర్ని, నాకు ఇంకెవరి మొహం గుర్తొస్తుంది? మావారి మొహాన్నే ఎడమచెంప మీది పుట్టుమచ్చతో సహా దించేశాను. లోపలి గదిలో ఆయన గురక పెడుతున్నారు. పెళ్లై నెల కూడా కాలేదు కదా, అదీ ముద్దొస్తోంది.

వంకరలు కనిపెట్టడానికి తెర మీది బొమ్మను అద్దంలోలా తిప్పి చూడటం మా బొమ్మలేసేవాళ్లకు అలవాటు. తిప్పి కన్ను సరిచేస్తుంటే వెనక అడుగుల చప్పుడైంది.

"దొంగమొహమా, నన్నే విలన్ని చేశావా?"

"ఇంత అందగాడు ఇంకెక్కడ దొరుకుతాడండీ?" అన్నాను, తల తిప్పకుండానే.

బొమ్మను మళ్లీ మామూలుగా తిప్పాను. పుట్టుమచ్చ ఎడమచెంపకు వచ్చేసింది.

"ఇందాకటిలాగే ఉంచవోయ్. అదే అచ్చం నాలా ఉంది."

"చాల్లెండి, మీ మచ్చ ఎడమవైపేగా!" నవ్వుతూ వెనక్కి తిరిగాను.

ఆయనా నవ్వుతున్నారు. పుట్టుమచ్చ కుడిచెంప మీద ఉంది.

లోపలి గదిలో గురక ఇంకా వినిపిస్తూనే ఉంది.

"అయితే సరిచేయాల్సింది బొమ్మను కాదన్నమాట," అంటూ వాడు ఆ గదివైపు నడిచాడు.

గురక ఆగిపోయింది.